పాత పాప్-అప్ క్యాంపర్ కొన్నారా? ముందు కప్పు చూడండి

డెన్వర్‌లో మా పికప్ కోసం కొన్న పాత పాప్-అప్ క్యాంపర్‌ని (పికప్ వెనక పెట్టుకునే, కప్పు పైకి లేచే గుడ్డ గోడల చిన్న గది) పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నాం. కుషన్లు, రంగులు తర్వాత. ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ మొనతో మూలల్లో చెక్కను నొక్కండి. మెత్తగా దిగిందంటే పుచ్చినట్టే, ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. రూఫ్ వెంట్ (కప్పు మీది గాలి కిటికీ) విప్పి, పాత జిగురంతా గీకేసి, బ్యూటైల్ టేప్ (నీళ్లు దిగకుండా ఆపే మెత్తటి జిగురు పట్టీ) పరిచి బిగించండి. స్క్రూలు బిగిసేకొద్దీ అంచుల్లోంచి టేప్ కాస్త ఉబికి రావాలి. పైన ల్యాప్ సీలెంట్ (కప్పు అతుకులు మూసే జిగురు) వేయండి. సిలికాన్ మాత్రం వద్దు, తర్వాత దాని మీద ఏదీ సరిగ్గా అంటుకోదు.

పికప్ డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో పేలోడ్, అంటే బండి మోయగల బరువు, చూడండి. క్యాంపర్, మనుషులు, సామాను అన్నీ అందులోనే ఇమడాలి. 20 గ్యాలన్ల నీళ్లే దాదాపు 167 పౌండ్లు!

తాలింపు బయటే పెట్టుకోండి. గుడ్డ గోడలకు పోపు వాసన పడితే ఓ పట్టాన వదలదు. అందుకే మేం లోపలి స్టవ్ తీసేసి పిల్లల బట్టలకు డ్రాయర్లు పెట్టించాం. మీరూ తీసేస్తే ఆ గ్యాస్ పైపుకు క్యాప్ బిగించి, సిలిండర్ తెరిచి, సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. హీటర్ ఎలాగూ ప్రొపేన్‌దే. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, కాబట్టి గ్యాస్ లీకైతే మోగే డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి. పిల్లలు నిద్రపోయే చోటు, దీనికి ఖర్చు చూసుకోవద్దు.