పాతికేళ్ల నీటి లెక్క వేసే ముందు

2025 నవంబరులో ఇరాన్ అధ్యక్షుడు మసూద్ పెజెష్కియాన్ ఒక మాట అన్నారు. వానలు పడకపోతే టెహ్రాన్‌లో నీటికి రేషన్ పెట్టాలి, అప్పటికీ పడకపోతే నగరాన్ని ఖాళీ చేయవలసి వస్తుంది అని. ఆ రాజధానికి నీరిచ్చే అమీర్ కబీర్ జలాశయంలో అప్పటికి మిగిలింది 8 శాతం. వార్త చదివినవాళ్లలో చాలామంది వానను తిట్టారు. ఒక ఏడు వాన మొహం చాటేయడం ఆకాశం పని. ఊరు ఖాళీ చేసే మాట దాకా రావడం మాత్రం ఏళ్ల తరబడి వేసుకున్న లెక్కల పని.

దేశం మొత్తానికో, ఒక నదీ పరీవాహక ప్రాంతానికో పాతికేళ్ల నీటి ప్రణాళిక రాయడానికి కూర్చున్నవారి కోసం ఈ జాగ్రత్తలు. నీటిని పొదుపుగా వాడండి, చెరువులు బాగుచేయండి వంటివి ఇక్కడ ఉండవు. అవి మీకు తెలుసు.

అసలు తప్పు

సగటును నికరజలంగా, అంటే ఖాయంగా దొరికే నీరుగా, రాయకండి.

వరద వచ్చిన నాలుగైదు ఏళ్లు సగటును పైకి లాగుతాయి. అందుకే చాలా నదుల్లో సగానికి మించిన ఏళ్లు సగటుకు దిగువనే ఉంటాయి. ఆ అంకెను నమ్మి ఆయకట్టు ప్రకటిస్తే, సగం ఏళ్లు మాట తప్పుతామని ముందే సంతకం పెట్టినట్టు. కృష్ణా జలాల పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ సగటు జోలికి పోకుండా, 75 శాతం విశ్వసనీయత మీద 2,060 టీఎంసీలు లెక్కగట్టింది. నాలుగేళ్లలో మూడేళ్లు దొరికే నీరన్నమాట. అక్కడ కూడా నాలుగో ఏడాది సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు రాసి ఉంచుకోవాలి.

ఈ తప్పు ఎంత దూరం తీసుకుపోతుందో కొలరాడో నది చూపించింది. 1922లో అమెరికా రాష్ట్రాలు పంచుకున్నది ఏటా సుమారు 653 టీఎంసీలు. 1944లో మెక్సికోకు మరో 65 ఒప్పుకున్నారు. లెక్కకు ఆధారమైన ఇరవయ్యో శతాబ్దపు తొలి ఇరవై ఏళ్లు కొన్ని శతాబ్దాల్లోనే బాగా తడిసిన కాలమని తరువాత పాత చెట్ల కాండంలోని ఏటేటి వలయాలు చెప్పాయి. నది అంత ఇవ్వదని జలశాస్త్రవేత్త ఈ.సి. లరూ 1920ల్లోనే హెచ్చరించాడు. వినడం ఎవరికీ లాభంగా కనిపించలేదు. 2000 తరువాత ఆ నది సగటున ఇస్తున్నది 540 టీఎంసీల చుట్టూ. 2022 వేసవిలో ఆ నది మీది పెద్ద జలాశయం మీడ్‌లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువే మిగిలింది.

నేను దగ్గరగా చూసిన ఒక నివేదికలో నది ప్రవాహం కొలిచిన రికార్డు 18 ఏళ్లది. కొలత కేంద్రం పెట్టిందే ఒక పెద్ద వరద తరువాత. అంతకుముందు కరువులు లేవా అని అడిగితే, డేటా లేదండీ అన్నారు. డేటా లేని కరువు కరువు కాదన్నమాట! కాలువ చివరి భూములకు తరువాత ఆరేళ్లలో నాలుగేళ్లు నీరు చేరలేదు.

సగటు ఏ ఏళ్లదో కూడా అడగండి. భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల దీర్ఘకాలిక సగటు ఒకప్పుడు 89 సెంటీమీటర్లు, తరువాత 88, ఇప్పుడు 1971–2020 లెక్కన 87. కొలబద్దే జరుగుతోంది. 2023లో దేశం మొత్తం మీద వర్షపాతం ఆ సగటులో 94 శాతం. కాగితం మీద పెద్ద లోటేమీ కాదు. అదే ఏడాది ఆగస్టు మాత్రం 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టు. పొట్టకొచ్చిన పైరు సీజను మొత్తం చూసి లెక్కగట్టుకోదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ ఇంకో రకం. 1974 వరకు అక్కడి జలాశయాలకు ఏటా 12 టీఎంసీలకు కాస్త తక్కువగా చేరేది. తరువాతి పాతికేళ్లలో అది ఆరు చిల్లరకు పడిపోయింది, మళ్లీ పైకి రాలేదు. పాత సగటు తిరిగి వస్తుందని వారు కాచుక్కూర్చోలేదు. 2006లో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం నడిపించారు.

గిరాకీ అంచనా

జనాభాను తలసరి వాడకంతో గుణించి 2050 దాకా గీత గీయడం సులువు. అమెరికా మొత్తం నీటి వాడకం 1980 చుట్టూ శిఖరానికి చేరి, జనాభా పెరుగుతున్నా తగ్గుతూ వచ్చింది. పైకే పోయే గీతను నమ్మి కట్టినవి ఖాళీగా ఉంటాయి. మెల్‌బోర్న్ వాళ్లు పెద్ద కరువు మధ్యలో సముద్రపు నీటి కర్మాగారానికి ఒప్పందం రాసుకున్నారు. అది 2012లో పూర్తయ్యేసరికి వానలు వచ్చేశాయి. 2017 దాకా దాని నీరు అవసరపడలేదు. అలాగని కట్టడం తప్పని నేను అనను. ఏ నిల్వ దగ్గర ఏ పని మొదలుపెట్టాలో కరువు రాకముందే రాసుకోవాలి. భయంలో రాసిన టెండరు ఎప్పుడూ ఖరీదే.

మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

- జలాశయం సామర్థ్యంలోంచి పూడిక మేర తగ్గించి లెక్కగట్టండి. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు 133 టీఎంసీలు. ఇప్పుడు 105 చుట్టూ. పాత సామర్థ్యం మీద పంపకం చేస్తే తేడా ఎవరి వాటాలోంచి పోతుంది?
- ఒకే నీటిని రెండుసార్లు లెక్కించకండి. వేసవిలో నదిలో పారేది చాలావరకు భూగర్భం నుంచి ఊరినదే. ఇటు బోర్ల ఖాతాలో, అటు నది ఖాతాలో రాస్తే అంకెలు ముచ్చటగా ఉంటాయి, నీళ్లుండవు.
- బిందుసేద్యంతో ఆదా అని రాసే ముందు, పొలంలో ఇంకి వృథా అనుకున్న నీరు ఇన్నాళ్లూ ఎవరి బావిని నింపిందో కనుక్కోండి.
- వరద కోసం ఖాళీగా ఉంచిన చోటును తాగునీటి నిల్వగా మరోసారి హామీ ఇవ్వకండి.
- ముందు ఆయకట్టు ప్రకటించి, తరువాత నీటిని వెతకవద్దు.
- ఒకే గీత ఉన్న గ్రాఫు పట్టుకొని ఎవరి ముందుకూ వెళ్లకండి.
- రికార్డులోని అతి చెడ్డ ఏళ్లను ఏరి, ఐదింటిని వరుసగా పేర్చి మీ ప్రణాళికను నడిపించి చూడండి. మూడో ఏడే కూలిపోతే ప్రకటించకండి.
- ఒప్పందంలో టీఎంసీలతో పాటు లోటు ఏడాదిలో ఎవరు ఎంత వదులుకోవాలో రాయండి. కరువులో కూర్చుని రాద్దామంటే ఎవరూ కూర్చోరు.
- వానల ముందస్తు అంచనా ‘సాధారణం’ అని చెప్పింది కదా అని జలాశయంలోని చివరి నిల్వను వదిలేయకండి.
- సగటు అన్న మాట సమావేశంలో ఎవరు అన్నా, ఏ ఏళ్లదని అడగండి. అధికారి అన్నా అడగండి. మంత్రి అన్నా అడగండి.
- ప్రతి ఐదేళ్లకూ మళ్లీ లెక్కగట్టే తేదీ వేయండి, ఎవరు గడతారో రాయండి.
- ఏ ఏళ్ల రికార్డు వాడారో నివేదిక మొదటి పేజీలోనే పెట్టండి. అనుబంధంలో పెడితే ఎవరూ తెరవరు.