పాత బ్రిటిష్ కారుకు సరైన బోల్టు – 3వ పాఠం: థ్రెడ్‌ను గుర్తుపట్టడం

తుప్పు పట్టిన బోల్టును తల అరగకుండా విప్పడం, విప్పినదాన్ని ఎక్కడిదో రాసి సంచిలో దాచడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ సంచులు తెరుద్దాం. ఉదాహరణగా 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారును తీసుకుంటున్నాను. దాని ఇంజిన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్. అదే కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజిన్ మన అంబాసిడర్‌లోనూ ఏళ్ల తరబడి నడిచింది. అందుకే ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకు కూడా ఈ పాఠంలో చాలా భాగం పనికొస్తుంది.

ముందుగా గట్టిగా చెప్పాల్సిన మాట: ఏ స్పానర్ పట్టిందో చూసి బోల్టు కొనకండి. తల కొలత వేరు, థ్రెడ్ (కాడ చుట్టూ ఉండే మర గాడులు) కొలత వేరు.

పాత బ్రిటిష్ ప్రమాణమైన విట్‌వర్త్ స్పానర్ మీద ఉండే అంకె దాని నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. 1/4 విట్‌వర్త్ అని రాసి ఉన్న స్పానర్ నోరు నిజానికి 0.525 అంగుళం. అదే స్పానర్ 5/16 బీఎస్‌ఎఫ్ (గాడులు దగ్గరదగ్గరగా ఉండే సన్న బ్రిటిష్ థ్రెడ్) బోల్టుకూ సరిపోతుంది. ఏఎఫ్ స్పానర్ దీనికి పూర్తిగా భిన్నం, దాని మీద అంకె నోటి వెడల్పే. 1/2 ఏఎఫ్ స్పానర్ పట్టిందంటే, ఎంజీబీలో ఆ బోల్టు మామూలుగా 5/16 యూఎన్‌ఎఫ్ (ఈ థ్రెడ్ సంగతి కింద చెబుతాను) అయి ఉంటుంది, 1/2 అంగుళం బోల్టు కాదు.

ఇంకా పాత ఎంజీ టీసీ దగ్గరికి వెళ్తే తల మరీ తప్పుదారి పట్టిస్తుంది. దాని ఎక్స్‌పీఏజీ ఇంజిన్‌లో బోల్టు తలలు విట్‌వర్త్ కొలతవి, థ్రెడ్లు మాత్రం మెట్రిక్. కావెంట్రీలో ఫ్రెంచి సంస్థ హాచ్‌కిస్ నడిపిన ఇంజిన్ ఫ్యాక్టరీని మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ 1923లో కొన్నాడు. మెట్రిక్ యంత్రాలు అలాగే ఉండిపోయాయి, బ్రిటిష్ మెకానిక్‌ల చేతుల్లో ఉన్నవేమో విట్‌వర్త్ స్పానర్లు. రెండూ కలిసి ఆ బోల్టు పుట్టింది.

ఇన్ని రకాల థ్రెడ్లు ఎందుకున్నాయో కొంచెం తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. దాని సన్న థ్రెడ్ రూపమే తర్వాత వచ్చిన బీఎస్‌ఎఫ్. ఎలక్ట్రికల్ పరికరాల్లోని చిన్న స్క్రూలకు 47.5 డిగ్రీల బీఏ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విడిభాగాలు బ్రిటిష్ యంత్రాలకు, బ్రిటిష్‌వి అమెరికా యంత్రాలకు సరిపోక చాలా ఇబ్బంది పడ్డారు. దాంతో 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా మూడూ కలిసి 60 డిగ్రీల యూనిఫైడ్ థ్రెడ్‌కు ఒప్పుకున్నాయి. అందులో సన్నది యూఎన్‌ఎఫ్, ముతకది యూఎన్‌సీ. ఎంజీబీలో ఎక్కువ భాగం యూఎన్‌ఎఫ్. గేర్‌బాక్స్ లాంటి అల్యూమినియం భాగాల్లోకి దిగే చోట యూఎన్‌సీ కనిపిస్తుంది, మెత్తని లోహంలో ముతక థ్రెడ్డే బాగా పట్టుకుంటుంది మరి. ఎస్‌యూ కార్బ్యురేటర్, లూకాస్ స్విచ్‌ల దగ్గర చిన్న స్క్రూ కనిపిస్తే బీఏ అని అనుమానించండి.

ఇక కొలుద్దాం. కావాల్సినవి వెర్నియర్ కాలిపర్, థ్రెడ్ గేజ్ (గాడుల్లో పెట్టి చూసే రంపం పళ్ల లాంటి ఆకుల కట్ట), వైర్ బ్రష్. అంగుళం గేజ్, మెట్రిక్ గేజ్ రెండూ ఉండాలి. కిరోసిన్‌తో, బ్రష్‌తో గాడుల్లో మురికి పూర్తిగా పోయేదాకా శుభ్రం చేయండి. ఈ పని బద్ధకిస్తే మిగతా కొలతలన్నీ వృథా.

కాలిపర్‌తో థ్రెడ్ పైమందం కొలిస్తే 7.85 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. బోల్టును ఎప్పుడూ పేరు కొలత కన్నా పిసరంత తక్కువగా చేస్తారు కాబట్టి సరిపోయింది. కానీ ఎం8 (8 మిల్లీమీటర్ల మెట్రిక్) బోల్టు కూడా సరిగ్గా ఇంతే వస్తుంది! మందం ఒక్కటే ఈ రెంటినీ వేరు చేయలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఎం8 కొని, స్పానర్‌తో బలవంతంగా తిప్పి, లోపలి థ్రెడ్ పాడుచేస్తారు.

కాబట్టి పిచ్, అంటే ఒక గట్టు నుంచి పక్క గట్టుకున్న దూరం, చూడాలి. గేజ్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక థ్రెడ్ గట్టు నుంచి మొదలుపెట్టి పది గాడులు దాటి పదకొండో గట్టు దాకా కొలవండి. 10.6 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 24 థ్రెడ్లు, అంటే 5/16 యూఎన్‌ఎఫ్. 11.5 వస్తే 22 థ్రెడ్లు, బీఎస్‌ఎఫ్. 12.5 అయితే ఎం8. 14.1 వస్తే 18 థ్రెడ్లు, అది యూఎన్‌సీ కావచ్చు, విట్‌వర్త్ కావచ్చు. ఈ చివరి జంటను పిచ్ విడదీయలేదు, కోణం చూడాలి. గేజ్ ఆకును గాడుల్లో పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సరైన ఆకైతే ఎక్కడా వెలుగు రాదు. భూతద్దంలో విట్‌వర్త్ గట్లు గుండ్రంగా, యూనిఫైడ్ గట్లు చదునుగా కనిపిస్తాయి.

మరో ప్రమాదకరమైన జంట 2బీఏ (బీఏలో 2వ నంబరు సైజు), 10-32 యూఎన్‌ఎఫ్ (10వ నంబరు సైజు, అంగుళానికి 32 థ్రెడ్లు). వరుసగా వాటి మందం 4.70, 4.83 మిల్లీమీటర్లు, పిచ్ 0.81, 0.79 మిల్లీమీటర్లు. 10-32 నట్టు 2బీఏ స్క్రూ మీద హాయిగా ఎక్కేస్తుంది, కానీ వదులుగా ఉంటుంది. బిగిస్తే పట్టు ఉండదు. చిన్న స్క్రూలను రెండుసార్లు కొలవమని ఇందుకే బతిమాలుతున్నాను.

పొడవును తల కింది నుంచి కొన దాకా కొలుస్తారు. తల లోపలికి కూర్చునే కౌంటర్‌సంక్ స్క్రూకు మాత్రం తలతో కలిపి. థ్రెడ్ లేని నున్నటి కాడ ఎంత పొడవుందో విడిగా రాసుకోండి. సస్పెన్షన్‌లో పక్కనుంచి పడే బలాన్ని ఆ నున్నటి భాగమే మోయాలి. అక్కడ పొడవునా థ్రెడ్ ఉన్న స్క్రూ వేయకూడదు.

తల మీది గుర్తులు వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం. ఈలోపు ఇంతవరకు గుర్తుంచుకోండి: మూడు గీతలుంటే బలాన్ని చెప్పే అమెరికన్ గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. బ్రిటిష్ బోల్టు మీద ఆర్, ఎస్, టీ లాంటి అక్షరం బలాన్ని చెబుతుంది. తల మీద వరసగా గొలుసులా చిన్న వలయాలుంటే, లేదా పైన గుండ్రటి గుంట ఉంటే అది యూనిఫైడ్ థ్రెడ్. ఏ గుర్తూ లేని బోల్టును స్టీరింగ్, బ్రేకు, సస్పెన్షన్, సీటు బెల్టు దగ్గర వేయకండి. మెరుస్తోంది కదా అని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టును కూడా అక్కడ వాడకండి, ఆ చోట్లకు దాని బలం చాలదు.

కొన్న బోల్టును నూనె చుక్క వేసి వేళ్లతోనే తిప్పండి. శుభ్రమైన రంధ్రంలో అది కనీసం నాలుగైదు చుట్లు తేలిగ్గా దిగాలి. రెండో చుట్టుకే బిగుసుకుంటే స్పానర్ అందుకోకుండా వెనక్కి తీసి, మళ్లీ కొలవండి.

ఈ వారం అభ్యాసం: మీ సంచుల్లోంచి పది బోల్టులు తీయండి. ఒక్కోదానికీ మందం, పది గాడుల దూరం, మొత్తం పొడవు, నున్నటి కాడ పొడవు ఒక పట్టికలో రాసి, ఎదురుగా థ్రెడ్ పేరు రాయండి. పేరు తేలని బోల్టులను పక్కన పెట్టండి. 4వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.