తపాలా ఆటల వ్యాపారం – 4వ పాఠం: ముందుగా అందిన డబ్బు

ఈ వారం ప్రకటనల ఖర్చు గురించి చెప్తానన్నాను. పోయినసారి లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. దాదాపు అందరూ ఒకే చోట జారారు.

లెక్క ఇది. 1982, అమెరికా. పోస్టులో ఆడే ఆటలో 15 మంది. వాళ్లు ఆర్డర్లు రాసి పంపుతారు, మనం కంప్యూటర్‌లో నడిపి ఫలితాన్ని పోస్టులో పంపుతాం; అదే ఒక టర్న్. రెండు వారాలకో టర్న్, టర్న్‌కు రెండున్నర డాలర్లు. ప్రతి ఒక్కరూ ముందే 25 డాలర్లు పంపారు. మొదటి నెల రాబడి ఎంత?

375 అని రాశారు. రాబడి 75 డాలర్లే. ఆ నెలలో మనం నడిపింది 15 మందికి రెండేసి, అంటే 30 టర్న్‌లు, అంతవరకే సంపాదించాం. మిగిలిన 300 బ్యాంకులో ఉన్నా అది ఆటగాళ్లకు మనం పడ్డ బాకీ, ఇంకా ఆడించాల్సిన 120 టర్న్‌లు. నేను ఏడాది చందా కట్టిన ఒక చిన్న పత్రిక నాలుగో నెలలో ఆగిపోయింది. దాని యజమాని మోసగాడేం కాదు. చందాల సొమ్మంతా లాభమనుకుని మొదటి సంచికలకే ఖర్చు పెట్టేశాడు. అందుకే ఈ తప్పు చూస్తే నాకు మనసొప్పదు. రెండు పుస్తకాలు పెట్టుకోండి: ఒకటి సంపాదించింది, ఒకటి బాకీ. టర్న్ పోస్టులో వేసిన రోజే రెండున్నర డాలర్లు రెండో పుస్తకంలోంచి మొదటిదానిలోకి రావాలి. అంతకుముందు రాకూడదు.

ఖర్చులు చాలామంది సరిగ్గానే వేశారు. 30 కవర్లకు స్టాంపులు 6 డాలర్లు, కాగితం, కవర్లు 3, చేతిరాత ఆర్డర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మూడు గంటల కూలి 15. మొత్తం 24. ఎవరో ఆర్డర్‌లో రాసిన 7ని 1గా చదివి, ఆటలో వాళ్ల నౌకల్ని వేరే నక్షత్రానికి పంపేస్తే, ఆ టర్న్ మళ్లీ నడిపే ఖర్చు మనదే.

ఒక్క మాట. 1982లో 20 సెంట్ల స్టాంపు మొదటి ఔన్సుకే (సుమారు 28 గ్రాములు). కవరుతో కలిపి మామూలు కాగితాలు నాలుగు పట్టేవి. ఐదో కాగితంలో మూడు వరుసలే ఉన్నా ఇంకో 17 సెంట్లు అంటించాల్సి వచ్చేది. ఫీజు పెంచే ముందు అంచుల ఖాళీ తగ్గించండి.

ఇక బాకీని టర్న్‌లలో రాయాలా, డాలర్లలోనా? డాలర్లలోనే రాయండి. ఫ్లయింగ్ బఫెలో సంస్థ స్థాపకుడు రిక్ లూమిస్ 1970లో ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు అమెరికాలో ఉత్తరానికి 6 సెంట్లు. 1981 చివరికి 20, 1985 ఫిబ్రవరిలో 22. ‘పది టర్న్‌ల ప్యాకెట్’ అని అమ్మినవాళ్లు పెరిగిన పైసలన్నీ తామే భరించాలి. నిల్వ డాలర్లలో ఉంటే ఆటగాళ్లకు ముందుగా చెప్పి, తర్వాతి టర్న్ నుంచి కొత్త ఫీజు తీసుకోవచ్చు.

అభ్యాసం: పై లెక్కలోని ఆటకే, యజమాని మొదటి నెలలోనే 250 డాలర్లకు ప్రింటర్ కొన్నాడు. అద్దె నెలకు 30. ఆరో టర్న్ తర్వాత నలుగురు మానేసి నిల్వ తిరిగి అడిగారు. మిగతావాళ్లు కొత్తగా డబ్బు పంపలేదు. పదో టర్న్ దాకా ప్రతి నెలా రాబడి, బాకీ, చేతిలో ఉన్న నగదు మూడూ వేర్వేరు గడుల్లో వేయండి. కంప్యూటర్‌లో వద్దు, కాగితం మీదే వేయండి. చెయ్యి ఏ నెలలో ఖాళీ అవుతుందో, ఆ రోజు స్టాంపులు కొనాలో నలుగురి నిల్వ ఇచ్చేయాలో కారణంతో రాయండి.