లేబర్ ఒప్పందం తేలని ఏడాది ఎన్ఎఫ్ఎల్ మాక్ డ్రాఫ్ట్ వేయడం ఎలా?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, మెస్సీ ఆడే ఆట గురించి కాదు. ఏటా ఏప్రిల్‌లో ఎన్ఎఫ్ఎల్‌లోని 32 జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎవరు ఎవరిని తీసుకుంటారో ముందే ఊహించి రాసుకునే జాబితా మాక్ డ్రాఫ్ట్. మామూలు ఏడాదైతే ఎవరైనా వేసేస్తారు. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందం ముగిసి, కొత్తది కుదరని ఏడాది మాత్రం ఆట బాగా తెలిసినవాళ్లు కూడా తప్పులో కాలేస్తారు. 2011లో అలాంటి జాబితాలు కుప్పలుగా వచ్చాయి. ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ వరకే ఉంది కాబట్టి ఈ అవసరం మళ్లీ పడొచ్చు.

కావలసినవి: ఒక ఎక్సెల్ షీటు, డ్రాఫ్ట్ వరుస, ప్రతి జట్టులో ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో చెప్పే పట్టిక. వెబ్‌సైట్లలో బటన్ నొక్కితే జట్లను నింపేసే సిమ్యులేటర్లు వద్దు. మొదటి రౌండే వేయాలి. ఏడు రౌండ్లూ వేస్తామనేవాళ్లు జాతకాలు రాసుకోవడం మేలు.

1. తేదీలు రాసుకోండి

2011లో ఇలా నడిచింది. మార్చి 11న చర్చలు విఫలమయ్యాయి, ఆటగాళ్లు సంఘం గుర్తింపును వదులుకుని కోర్టుకెళ్లారు. మర్నాటికి యజమానులు లాకౌట్ ప్రకటించి ఆటగాళ్లకు తలుపులు మూసేశారు. ఏప్రిల్ 28న డ్రాఫ్ట్ మొదలైంది. కొత్త ఒప్పందం కుదిరింది జులై 25న. అంత గొడవలోనూ డ్రాఫ్ట్ జరగడానికి కారణం, పాత ఒప్పందంలోనే దానికి చోటుండటం.

2. వరుస వేయండి

దీన్ని లాకౌట్ మార్చదు. కిందటి సీజన్ ఫలితాలను బట్టి వచ్చిన వరుసను కాపీ చేసుకోండి, అంతే.

3. ఖాళీలు లెక్కపెట్టండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మామూలుగా మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసినవాళ్లు నచ్చిన జట్టులో చేరే సమయం), ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. అంటే జట్లు ముందు అనుభవజ్ఞులను కొనుక్కుని, మిగిలిన ఖాళీలకు కుర్రాళ్లను చూసుకుంటాయి. లాకౌట్‌లో ఈ వరుస తిరగబడుతుంది. డ్రాఫ్ట్ రోజుకి ఎవర్నీ కొనలేరు, ఉన్న ఆటగాణ్ని ఇంకో జట్టుకు ఇవ్వలేరు. మార్చుకోగలిగేవి డ్రాఫ్ట్ వంతులు మాత్రమే. కాబట్టి 'ఫలానా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు) ఫలానా జట్టుకు వచ్చేస్తాడు, ఇక వాళ్లకు వేరే అవసరం' అని రాస్తే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

షీటులో ప్రతి జట్టుకూ మూడు గడులు పెట్టండి: ఉన్నవాళ్లు, పోయినవాళ్లు, తేలనివాళ్లు. మూడో గడి లేని మాక్ డ్రాఫ్ట్‌ను నేను చదవను. 2010లో పాత ఒప్పందపు చివరి ఏడాది నిబంధనల వల్ల, స్వేచ్ఛగా వేరే జట్టుకు వెళ్లాలంటే నాలుగు కాదు, ఆరు సీజన్ల సర్వీసు కావలసివచ్చింది. మరి 2011లో ఏది వర్తిస్తుంది? ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదు. నాలుగైదేళ్ల సర్వీసు ఉన్న ఆటగాడు తమవాడో కాదో జనరల్ మేనేజర్లే చెప్పలేని పరిస్థితి. ముందుజాగ్రత్తగా చాలా జట్లు అలాంటివాళ్లకు టెండర్లు, అంటే తమ దగ్గరే ఉంచుకోవడానికి కాంట్రాక్టు ప్రతిపాదనలు, ఇచ్చి పెట్టుకున్నాయి. చివరికి నాలుగేళ్లే ఖాయమైంది, ఆ టెండర్లు ఎందుకూ పనికిరాలేదు. తేలనివాణ్ని సగం మనిషిగా లెక్కేయండి. పూర్తిగా ఉన్నాడనుకోవద్దు, లేడనీ అనుకోవద్దు.

ఆ తర్వాత అడగాల్సింది, జులై దాకా ఆగే ధైర్యం ఏ జట్టుకుంది అని. క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. 2011లో అయిదో వంతు వచ్చినప్పుడు ఆరిజోనా పాట్రిక్ పీటర్సన్ అనే కార్నర్‌బ్యాక్‌ను, అంటే డిఫెన్స్ ఆటగాణ్ని, తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ కెవిన్ కోల్బ్‌ను ఫిలడెల్ఫియా నుంచి తెచ్చుకున్నది లాకౌట్ ఎత్తేశాకే. టెనెసీ, జాక్సన్‌విల్, మిన్నెసోటా ఆగలేదు. 8వ వంతులో జేక్ లాకర్, 10లో బ్లెయిన్ గాబర్ట్, 12లో క్రిస్టియన్ పాండర్ అనే క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. గాబర్ట్ కోసం జాక్సన్‌విల్ 16 నుంచి పైకి ఎగబాకింది కూడా. తమాషా ఏమిటంటే, జులై చివర్లో టెనెసీ మ్యాట్ హాసెల్‌బెక్‌నూ మిన్నెసోటా డోనవన్ మెక్‌నాబ్‌నూ తెచ్చుకున్నాయి. ముందు కుర్రాడు, వెనక పెద్దాయన!

'ఇలాంటి ఏడాది అవసరాలు చూడకూడదు, ఉన్నవాళ్లలో మేటిని తీసుకోవడమే' అనేవాళ్లతో నాకు పడదు. మిగతా స్థానాలకు ఆ మాట సరే. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు కోచ్‌ను ఏప్రిల్‌లో టెన్షన్ లేకుండా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. క్వార్టర్‌బ్యాక్‌లను మీ అంచనా కంటే పైకే జరపండి.

'ప్రాక్టీసు ఉండదు కాబట్టి కొత్త కుర్రాళ్లు ఆడలేరు' అన్న వాదననూ నెత్తికెత్తుకోవద్దు. మొదటి రౌండ్ మర్నాడు, లాకౌట్ ఎత్తేయమన్న కోర్టు తీర్పు పుణ్యాన జట్ల తలుపులు కాసేపు తెరుచుకున్నాయి. ఆ సందులో కరోలినా తన మొదటి వంతు ఆటగాడు క్యామ్ న్యూటన్ చేతిలో ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) పెట్టింది. సాయంత్రానికి అప్పీలు కోర్టు స్టే ఇచ్చింది, తలుపులు మళ్లీ మూతపడ్డాయి. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆ న్యూటన్ పాసులు విసిరి మొత్తం 422 గజాలు సాధించాడు. సిన్సినాటిలో రెండో రౌండ్ కుర్రాడు ఆండీ డాల్టన్ మొదటి మ్యాచ్ నుంచే ఆడి జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు.

4. ధర చూడండి

2010లో మొదటి వంతున ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో న్యూటన్‌కు నాలుగేళ్లకు మొత్తం 2.2 కోట్లు. కొత్తవాళ్ల జీతాలకు పరిమితి వస్తుందని డ్రాఫ్ట్ నాటికే అందరికీ అంచనా ఉంది. అలాంటి కోత కనిపిస్తున్నప్పుడు పై వంతులో రిస్కు ఆటగాణ్ని పెట్టడానికి జంకొద్దు. గురి తప్పినా జట్టు మునిగిపోదు. పెంపు వచ్చేలా ఉంటే దీన్ని తిరగేయండి.

5. వంతుల మార్పిడి

ఒకటి లేదా రెండు వేసి ఆపండి. ఆటగాళ్లను మార్చుకోలేరు కాబట్టి ధర అంతా వంతుల్లోనే కట్టాలి. జూలియో జోన్స్ కోసం 27 నుంచి 6కి ఎక్కడానికి అట్లాంటా క్లీవ్‌లాండ్‌కు అయిదు వంతులు ఇచ్చింది, వాటిలో రెండు మరుసటి ఏడాదివి.

6. ఎంపిక కానివాళ్లు

మామూలు ఏడాది ఏడో రౌండ్ ముగుస్తూనే జట్లు మిగిలినవాళ్లకు ఫోన్లు చేసి సంతకాలు చేయిస్తాయి. 2011లో అది జులై ఆఖరు దాకా కుదరలేదు. ఎవరికీ పట్టని డగ్ బాల్డ్‌విన్ అప్పుడు సియాటిల్‌లో చేరి, ఆ సీజన్‌లో ఆ జట్టు రిసీవర్లందరికంటే (పాసులు అందుకునేవాళ్లు) ఎక్కువ గజాలు సాధించాడు. మీ షీటులో వీళ్లకు గడి పెట్టకండి. ఒప్పందం మీద సంతకాలు పడ్డ రోజున వేరే షీటు తెరవండి.