పికప్‌తో ట్రావెల్ ట్రెయిలర్ లాగడం: ముందు బరువుల లెక్క, తర్వాతే ప్రయాణం

ట్రక్కు అమ్మేవాళ్ళు చెప్పేది ఒకటే అంకె: 9,000 పౌండ్లు లాగుతుంది, 11,000 పౌండ్లు లాగుతుంది అని. హాఫ్ టన్ పికప్‌కు (పెద్ద పికప్‌లలో తేలిక తరగతి) ట్రావెల్ ట్రెయిలర్, అంటే క్యాంపింగుకు లాక్కెళ్ళే ఇల్లు లాంటి బండి, తగిలించేవాళ్ళకు ఆ అంకెతో పెద్దగా పని పడదు. దాని దరిదాపులకు వెళ్ళకముందే పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు, అయిపోతుంది.

డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అది ఆ ఒక్క ట్రక్కుకు, ఫ్యాక్టరీలో బిగించిన సన్‌రూఫ్, పెద్ద చక్రాలతో సహా లెక్కగట్టిన అంకె. బ్రోచర్‌లో కనిపించేది అన్నిటికంటే తేలికైన మోడల్‌ది కాబట్టి స్టిక్కరులో ఉన్నది దానికంటే వందల పౌండ్లు తక్కువ ఉండొచ్చు. కొన్నాక వేయించిన బెడ్ కవర్, టూల్ బాక్స్ లాంటివి అందులోంచి ఇంకా తీసేయాలి.

ట్రెయిలర్ ముందు భాగం, ట్రక్కు వెనక దాన్ని తగిలించే హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. ట్రావెల్ ట్రెయిలర్‌కు ఇది సామానుతో కలిపిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 12, 13 శాతం దగ్గర ఉంటే నిలకడగా నడుస్తుంది. ఈ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. ఒక లెక్క చూడండి. స్టిక్కరు మీద 1,500 పౌండ్లు ఉంది. ట్రెయిలర్ సామానుతో 6,500. అందులో 13 శాతం అంటే 845. ఆ బరువును ముందు ఇరుసుకూ ట్రెయిలర్ ఇరుసులకూ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక 100. నలుగురు మనుషులు 550. మొత్తం 1,495. ఇక ట్రక్కు బెడ్‌లో సైకిలు పెట్టడానికి కూడా చోటు లేదు, తొమ్మిది వేలు లాగుతుందన్న మాట మాత్రం అలాగే ఉంది.

ఆ పెద్ద అంకె అబద్ధమేమీ కాదు. ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి ఇచ్చేదే. కాకపోతే అందులో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు; టంగ్ వెయిట్ 10 శాతం. పిల్లలు, కుక్క, ఐస్ బాక్సు ఆ లెక్కలో లేవు.

ట్రెయిలర్ బ్రోచర్‌లో ‘డ్రై వెయిట్’ అని ఉండే అంకెను పక్కన పెట్టేయండి. ఖాళీ ట్రెయిలర్‌తో ఎవరూ క్యాంపింగుకు వెళ్ళరు. నీళ్ళు గ్యాలనుకు 8.3 పౌండ్లు, అంటే 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్ల పైమాటే. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరు నిండుగా ఉంటే దాదాపు 37 పౌండ్లు తూగుతుంది. రెండు సిలిండర్లు, బ్యాటరీ సరిగ్గా టంగ్ మీదే కూర్చుంటాయి కాబట్టి బ్రోచర్‌లోని హిచ్ వెయిట్ కూడా నమ్మదగ్గది కాదు. కొనే ముందు అంచనా కావాలంటే ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్, అంటే అది మోయగల గరిష్ఠ మొత్తం బరువు తీసుకుని, అందులో 13 శాతం టంగ్ వెయిట్ అనుకోండి. ఆ లెక్కకు ట్రక్కు సరిపోతే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.

కాటా మీదకు ఎక్కించండి

అంచనాలు అంచనాలే. పెద్ద ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద మూడుసార్లు తూకం వేయిస్తే అనుమానాలన్నీ తీరతాయి. అందులో వేర్వేరు పలకలుంటాయి: ట్రక్కు ముందు ఇరుసు ఒకదాని మీద, వెనక ఇరుసు ఇంకోదాని మీద, ట్రెయిలర్ ఇరుసులు మూడోదాని మీద నిలపాలి. సామానంతా సర్ది, ట్యాంకు నింపి, మనుషులు కూర్చుని ఉండగా వేయించాలి. మొదటిది ట్రెయిలర్ తగిలించి, హిచ్‌లో బరువు పంచే స్ప్రింగ్ బార్లు బిగించి. రెండోది బార్లు వదిలేసి. మూడోది ట్రెయిలర్ విప్పేసి ట్రక్కు ఒక్కటే, హిచ్ మాత్రం ట్రక్కుకే ఉంచి.

ఉదాహరణకు ట్రక్కు ఒక్కటే ముందు 3,100, వెనక 2,700, మొత్తం 5,800 వచ్చిందనుకోండి. బార్లు లేకుండా తగిలిస్తే ముందు 2,720, వెనక 3,960, ట్రెయిలర్ ఇరుసులు 5,720. ట్రక్కు మీద ఇప్పుడు 6,680 ఉంది, అంటే టంగ్ వెయిట్ 880. ట్రెయిలర్ మొత్తం 6,600, అందులో 880 అంటే 13.3 శాతం. బాగుంది. బార్లు బిగించాక ముందు 2,920, వెనక 3,610, ట్రెయిలర్ 5,870. మొత్తం రెండుసార్లూ 12,400 పౌండ్లే, పంపకం మాత్రమే మారింది. ముందు ఇరుసు పోగొట్టుకున్న 380లో 200 తిరిగొచ్చింది. ఈ అంకెల్ని తలుపు దగ్గరున్న ఇరుసుల పరిమితులతో, టైర్ల పరిమితితో, హిచ్ రిసీవర్ (ట్రక్కు వెనక హిచ్ దూర్చే గొట్టం) మీది స్టిక్కరుతో పోల్చి చూడాలి. రిసీవర్ స్టిక్కరును చాలామంది చూడరు. బార్లు లేకుండా 500 పౌండ్ల టంగ్ వెయిట్, 5,000 పౌండ్ల ట్రెయిలరే మోస్తుందని, అంతకు మించితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ తప్పనిసరని దాని మీద రాసి ఉండటం మామూలే.

టంగ్ వెయిట్ 10 శాతం కంటే తగ్గితే ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎద్దుబండి తోలినవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు: వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందెక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. బరువైన సామాను ఇరుసుల మీదుగా, కాస్త ముందుకు, కింద సర్దాలి. వెనక బంపరుకు సైకిళ్ళ స్టాండు, జనరేటరు తగిలించడం అన్నిటికంటే చెడ్డ పని. ఇరుసుల నుంచి అంత దూరాన 150 పౌండ్లు వేలాడితే టంగ్ మీద బరువు తగ్గడమే కాదు, ట్రెయిలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగనివ్వదు. నీళ్ళ ట్యాంకు ఇరుసులకు ముందుందా వెనకుందా అన్నది కూడా తెలుసుకోండి. వెనకుంటే నింపినప్పుడల్లా టంగ్ వెయిట్ తగ్గుతుంది.

హిచ్, బార్లు

ట్రావెల్ ట్రెయిలర్లలో ఎక్కువ వాటికి 2-5/16 అంగుళాల బాల్ (హిచ్ మీది ఉక్కు గుండు) కావాలి. దాని మీద కూర్చునే ట్రెయిలర్ ముక్కును కప్లర్ అంటారు, సైజు దాని మీద అచ్చు వేసి ఉంటుంది. 2 అంగుళాల బాల్ మీద కూడా ఆ కప్లర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకు వచ్చినప్పుడు ఊడి వస్తుంది. బాల్ నట్టును చేతి బలంతో వదిలేయకూడదు: 1-1/4 అంగుళాల షాంకుకు (బాల్ కింది బోల్టు) సాధారణంగా 450 ఫుట్-పౌండ్ల టార్కు చెబుతారు. ఇంట్లో ఉండే రెంచితో అది అయ్యే పని కాదు, షాపులో బిగించుకోండి.

ట్రెయిలర్‌ను చదునైన నేల మీద మట్టంగా నిలబెట్టి కప్లర్ ఎత్తు కొలవండి. బాల్ పైభాగం దానికంటే అంగుళం దాకా ఎత్తులో ఉండేలా హిచ్ అమర్చితే, బరువు పడి ట్రక్కు వెనక దిగాక ట్రెయిలర్ మట్టంగానో, ముక్కు కొద్దిగా కిందికో ఉంటుంది. ముక్కు పైకెత్తి నడిచే ట్రెయిలర్ ఊగుతుంది.

బార్లు ఎంత బిగించాలన్నదానికి టేపు ఒక్కటి చాలు. ట్రక్కు ముందు చక్రం నడిమధ్యన, నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. ట్రెయిలర్ లేకుండా 37 అంగుళాలు, బార్లు లేకుండా తగిలిస్తే 38 వచ్చిందనుకుందాం. ముందు భాగం అంగుళం లేచింది, అంటే స్టీరింగు చక్రాల మీద బరువు తగ్గింది. బార్లు బిగించాక అది 37.5 దగ్గరికి రావాలి. చాలా ట్రక్కుల మాన్యువల్లు ఇలా సగం దించమంటాయి, కొన్ని పూర్తిగా దించమంటాయి. మీ మాన్యువల్ మాటే ఆఖరు. 37 కంటే కిందికి దిగిందంటే ఎక్కువ బిగించారు. అప్పుడు వెనక చక్రాల మీద బరువు తక్కువై, తడి రోడ్డు మలుపులో ట్రక్కు వెనక భాగం జారుతుంది. బార్లను చైన్లతో పట్టి ఉంచే హిచ్ అయితే ఒక లింకు అటూ ఇటూ మార్చి, సరిపోకపోతే హిచ్ తలలోని వాషర్లతో వంపు మార్చి సరిచేయాలి.

తగిలించే వరస

ట్రెయిలర్ చక్రాలకు రెండువైపులా అడ్డు దిమ్మలు పెట్టే ఉండాలి. బాల్‌ను కప్లర్ కిందికి తెచ్చి, జాక్ దించి, లాచ్ మూసి, పిన్ను వేయండి. ఇప్పుడు దాదాపు అందరూ దాటేసే పని ఒకటుంది: జాక్‌ను మళ్ళీ పైకి తిప్పండి. ట్రక్కు వెనక భాగం కప్లర్‌తో పాటు లేస్తే లాచ్ పట్టినట్టు. కప్లర్ ఒక్కటే లేచి బాల్ కిందే ఉండిపోతే పట్టలేదన్నమాట. ఆ సంగతి రోడ్డు మీద కాకుండా ఇక్కడే తేలడం మంచిది. జాక్‌ను అలాగే ఇంకో మూడు నాలుగు అంగుళాలు లేపితే బార్లు సులువుగా ఎక్కుతాయి. జాక్ లేపకుండానే బలం పెట్టి బార్ల చైను లాగేవాళ్ళున్నారు. బిగువు మీదున్న బార్ చేయి జారితే ఎముక విరుగుతుంది.

తర్వాత సేఫ్టీ చైన్లు, కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి. కప్లర్ ఊడినా టంగ్ ఆ చైన్ల మీద పడుతుంది, రోడ్డులో దిగబడదు. బ్రేకవే కేబులు చైనుకు కాకుండా ట్రక్కుకు విడిగా తగిలించాలి. ట్రెయిలర్ పూర్తిగా విడిపోతే ఆ కేబులు చివరి పిన్ను ఊడి ట్రెయిలర్ బ్యాటరీతోనే బ్రేకులు పడతాయి. బ్యాటరీ చచ్చి ఉంటే ఏమీ పడవు. చివరగా ట్రెయిలర్ లైట్లకు, బ్రేకులకు కరెంటు ఇచ్చే సెవెన్ పిన్ ప్లగ్గు, జాక్ పూర్తిగా పైకి, దిమ్మలు తీసేయడం, లైట్లు ఒక చుట్టు చూసుకోవడం.

ట్రక్కులోంచి ట్రెయిలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్‌లో గెయిన్, అంటే బ్రేకులు పట్టే బలం, ఖాళీ ట్రెయిలర్‌తో పెడితే పనికిరాదు. సామానుతో, పొడి చదును రోడ్డు మీద, బ్రేకులు నాలుగైదుసార్లు వేసి కాస్త వేడెక్కాక, గంటకు 25 మైళ్ళ వేగంలో చేతి మీటను పూర్తిగా నొక్కండి. ట్రక్కును ట్రెయిలర్ గట్టిగా వెనక్కి పట్టుకోవాలి, చక్రాలు మాత్రం లాక్ అవ్వకూడదు. లాక్ అయితే గెయిన్ అర పాయింటు తగ్గించండి, పట్టకపోతే పెంచండి. వర్షంలో ఇంకా తగ్గించాలి.

టైర్ల గురించి రెండు మాటలు. ట్రెయిలర్‌కు దానికోసమే చేసిన ఎస్‌టీ (స్పెషల్ ట్రెయిలర్) రకమే వేయాలి. గాలి చల్లగా ఉన్నప్పుడు, ట్రెయిలర్ స్టిక్కరులో ఉన్నంత కొట్టాలి. మామూలుగా లోడ్ రేంజ్ (టైరు మోయగల బరువు తరగతి) సీ కి 50 పీఎస్‌ఐ, డీ కి 65, ఈ కి 80. పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గాళ్ళు బాగానే ఉన్నా ఆరేళ్ళు దాటిన ట్రెయిలర్ టైరును నమ్మొద్దు. కొత్త చక్రం వేసిన 50 మైళ్ళకు లగ్ నట్లు మళ్ళీ టార్కు చేయండి. అర అంగుళం స్టడ్లకు 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు.

రోడ్డు మీద

గంటకు 60, 65 మైళ్ళు చాలు. చాలా ఎస్‌టీ టైర్లకు హద్దు 65. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగేవాళ్ళకు చట్టమే 55 అంటుంది. పెద్ద లారీ దాటిపోతున్నప్పుడు ట్రెయిలర్‌ను ముందు అవతలికి తోసి, తర్వాత తన వైపు లాగినట్టు ఉంటుంది. స్టీరింగు గట్టిగా తిప్పకండి. నిజంగానే ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, కంట్రోలర్ మీది చేతి మీటతో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేయండి. ట్రక్కు బ్రేకు తొక్కితే వెనక బరువు ముందుకు తోసుకొచ్చి ఊపు పెరుగుతుంది. వేగం పెంచి ‘లాగేస్తే’ సర్దుకుంటుందన్న సలహా వినకండి. ఆగాక టంగ్ వెయిట్ చూసుకోండి, సాధారణంగా తప్పు అక్కడే దొరుకుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ట్రక్కులో బరువు లాగడానికి ఉన్న టో-హాల్ మోడ్ వేసి, దిగడం మొదలుకాకముందే కింది గేరుకు మారండి. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా, గట్టిగా కొద్దిసేపు వేసి వదిలేయండి. ప్రొపేన్ విషయం కూడా దారి వేసుకునేటప్పుడే చూసుకోవాలి: బాల్టిమోర్‌లో నీళ్ళ కింది సొరంగాలు ఇలాంటి ప్రొపేన్ సిలిండర్లున్న బండ్లను అనుమతించవు. సొరంగాలకు బదులుగా వాడిన కీ బ్రిడ్జి 2024 మార్చిలో కూలిపోయాక 695 హైవే మీద పడమటి వైపు నుంచి చుట్టు తిరిగి రావడమే దారి.

పెట్రోలు బంకులో పంపు పక్క నుంచి బయలుదేరగానే స్టీరింగు పూర్తిగా తిప్పితే, ఇరుసుల వెనకున్న పది పన్నెండు అడుగుల తోక అవతలి వైపుకు విసురుకుని పంపును తాకుతుంది. ట్రెయిలర్ తోక పంపు దాటేదాకా నేరుగా వెళ్ళండి.

రివర్సులో చేతిని స్టీరింగు అడుగు భాగాన పెట్టండి. చేయి ఎటు కదిపితే ట్రెయిలర్ వెనక అటే వెళ్తుంది. కొద్దికొద్దిగా తిప్పండి, వంకర పోతే ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టండి. వెనక నిలబడి సైగ చేసే మనిషి అద్దంలో కనబడకపోతే అక్కడికక్కడే ఆగాలి. ఊపును ఆపే సింగిల్ ఫ్రిక్షన్ స్వే బార్ ఉంటే వెనక్కి వెళ్ళే ముందు తీసేయకపోతే పదునైన మలుపులో అది వంగిపోతుంది.

చోటుకు చేరాక వరస మారకూడదు. ముందు పక్కలు మట్టం చేయాలి, పల్లంగా ఉన్న చక్రాల కింద పలకలు వేసి. తర్వాత రెండువైపులా దిమ్మలు. ఆ తర్వాతే బార్లు, ప్లగ్గు, చైన్లు, కప్లర్. ముందూ వెనకా మట్టం జాక్‌తో విప్పాక చేసుకోవచ్చు. పక్కల మట్టం మాత్రం విప్పాక కుదరదు, మళ్ళీ తగిలించాల్సిందే. దిమ్మలు పెట్టారో లేదో లాచ్ ఎత్తే ముందు ఇంకోసారి వంగి చూడండి.