ఎస్ చేరని ప్లూరల్స్ గుర్తుండాలంటే

ఇంగ్లీష్‌లో చివర ఎస్ చేరకుండా మారిపోయే బహువచనాలను పెద్ద పట్టికలా బట్టీ పట్టకండి, నాలుగు రోజుల్లో మర్చిపోతారు. లోపలి శబ్దం ఎలా మారుతుందో చూసి గుంపులు చేసుకోండి. ఫుట్-ఫీట్, టూత్-టీత్, గూస్-గీస్ ఒక గుంపు. మౌస్-మైస్, లౌస్-లైస్ ఇంకొకటి. జతలుగా పైకి చదివితే నోటికి వచ్చేస్తాయి. మంగూస్ మాత్రం ఇందులో చేరదు, మంగూసెస్ అనాలి. అది మరాఠీ నుంచి వెళ్లిన మాట, గూస్‌తో చుట్టరికం లేదు!

ఎక్కువమంది తడబడేది వుమన్ దగ్గర. స్పెల్లింగ్‌లో మారేది చివర్లో ఉన్న ఏ, అది ఈ అవుతుంది. పలికేటప్పుడు మాత్రం అసలు తేడా మొదట్లోనే వినిపిస్తుంది: వుమన్, విమిన్. 'ఉమెన్' అని రెండింటినీ ఒకేలా పలికితే ఒక్కరో పదిమందో ఎదుటివాళ్లకు తెలియదు.

చిల్డ్రన్ అప్పటికే బహువచనం కాబట్టి 'చిల్డ్రన్స్ ఆర్ ప్లేయింగ్' తప్పు. 'చిల్డ్రన్స్ బుక్స్' మాత్రం సరైనదే, అక్కడ ఎస్ 'పిల్లల' అనే అర్థం కోసం వచ్చింది. రాసేటప్పుడు ఆ ఎస్ ముందు అపాస్ట్రఫీ మరవకండి.

షీప్ మారదు. ఒకటా, మందా అన్నది పక్కనున్న ఈజ్, ఆర్ చూసి తెలుసుకోవాలి.