కారులో, సైకిల్‌పై, ఇంట్లో ఉపకరణాలు మొండికేస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఫోనును ఛార్జ్ చేయలేని ఛార్జరు, గాలి ఎక్కించని పంపు, వైఫై అందుకోని ప్లగ్గు: ఇలాంటివి చాలా ఇళ్లలో ఒక సొరుగు నిండా ఉంటాయి. వాటిలో నిజంగా చెడిపోయినవి తక్కువే. కరెంటు చాలకో, వాల్వు కుదరకో, తీగ సన్నదైపోయో పక్కన పడ్డవే ఎక్కువ. కొత్తది కొనే ముందు పాతది ఎక్కడ ఆగిందో కనిపెట్టండి. కారణం తెలిస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో కూడా తేలిపోతుంది.

కారులో ఫోను ఛార్జింగ్‌లో పెట్టినా శాతం తగ్గిపోతోంది

మ్యాపు నడుస్తుండగా, తెర పూర్తి వెలుతురులో ఉండగా ఇలా జరిగితే ముందుగా ఫోనును కారులో ఎక్కడ తగిలించారో చూడండి. చాలా కార్లలో ముందున్న యూఎస్‌బీ రంధ్రం పాటల కోసం పెట్టినది. పాత ప్రమాణం ప్రకారం అది ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే 2.5 వాట్లు. మ్యాపు నడిచే ఫోనుకు అది చాలదు. లైటర్ సాకెట్‌లో పెట్టే ఛార్జరు తీసుకోండి. కొనేటప్పుడు పెట్టె ముందువైపు పెద్ద అంకెను పక్కనబెట్టి, ఛార్జరు మీద సన్నటి అక్షరాల్లో ఉన్నది చదవండి. 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 18 వాట్లు. రెండు రంధ్రాలున్న ఛార్జరుపై రాసిన వాట్లు తరచూ రెండింటికీ కలిపి చెప్పినవే. రెండో ఫోను తగిలించగానే మొదటిదాని వాటా తగ్గుతుంది.

ఛార్జరు సరైనదే అయినా వేగం లేకపోతే కేబుల్ మార్చి చూడండి. ఫోనుతో వచ్చిన కేబుల్‌తో వేగం పెరిగితే తప్పు పాత కేబుల్‌దే. అదీ కాకపోతే ఎండ. అద్దం కింద కాలిపోతున్న ఫోను తనను కాపాడుకోవడానికి తానే ఛార్జింగ్ తగ్గించుకుంటుంది. స్టాండును ఏసీ గాలి వచ్చే చోటికి మార్చండి.

డ్యాష్‌క్యామ్ పెట్టగానే రేడియోలో గరగర

డ్యాష్‌క్యామ్ అంటే ముందు అద్దం దగ్గర ఉండి రోడ్డును రికార్డు చేసే కెమెరా. దాని ప్లగ్గు పీకగానే శబ్దం ఆగిపోతే అనుమానం అక్కర్లేదు. 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చే ఆ చిన్న ఛార్జరు లోపల సెకనుకు వేల, లక్షలసార్లు కరెంటు ఆగి మొదలవుతుంది. సరైన కవచం లేకపోతే ఆ అలజడి తీగ గుండా యాంటెన్నాకు పాకుతుంది. తీగను యాంటెన్నా వైరుకు దూరంగా నడిపించండి. ఛార్జరుకు దగ్గరగా తీగ మీద బిగించుకునే, అలజడిని అడ్డుకునే ఫెర్రైట్ క్లిప్పు పెడితే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే ఛార్జరునే మార్చాలి, కెమెరాను కాదు.

డ్యాష్‌క్యామ్ బిగించాక కారు స్టార్ట్ కావడం లేదు

దీని మీద కాస్త సమయం పెట్టాలి. అనవసరంగా బ్యాటరీ మార్పించుకున్నవారు ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

కారు ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కాసే కెమెరా 4 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది ఆంపియరులో మూడో వంతు. మూడు రోజులు కదలకుండా ఉంటే 24 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) ఖర్చవుతాయి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది సగం కంటే ఎక్కువ. కొత్త బ్యాటరీ దాన్ని ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది. ఏళ్లు వాడిన బ్యాటరీ తట్టుకోదు.

మీ లైటర్ సాకెట్ తాళం తీశాక కూడా బతికే ఉంటుందా? తెలుసుకోవడం తేలిక. ఫోను తగిలించి, ఇంజిన్ ఆపి, తాళం తీసి, తలుపులు వేసి పావుగంట ఆగండి. ఇంకా ఛార్జింగ్ ఎక్కుతుంటే ఆ సాకెట్‌కు నేరుగా బ్యాటరీ నుంచే కరెంటు వస్తోందన్నమాట. అలాంటి కారులో కెమెరా ప్లగ్గును దిగేటప్పుడల్లా పీకాలి, లేదా తాళంతో పాటు ఆగే ఫ్యూజుకు కలిపించుకోవాలి.

ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డింగ్ కావాలంటే, వోల్టేజీ పడిపోగానే కెమెరాను ఆపేసే వైరింగ్ కిట్ తప్పనిసరి. ఆ కిట్‌లో ఎన్ని వోల్టుల దగ్గర ఆపాలో ఎంచుకునే మీట ఉంటుంది. పూర్తిగా నిండి, కొన్ని గంటలు విశ్రాంతిలో ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కు దిగితే అది చాలావరకు ఖాళీ అయినట్టే. కాబట్టి మీటను 11.6 దగ్గర పెట్టుకోవడం ఏ మేలూ చేయదు, 12.2 లేదా అంతకంటే కాస్త పైన ఉంచండి. కెమెరా పూర్తిగా తీసేసినా తెల్లవారేసరికి వోల్టేజీ పడిపోతుంటే కెమెరాను నిందించకండి. బ్యాటరీ ముసలిదైంది, లేదా కారులో మరేదో దొంగచాటుగా కరెంటు తాగుతోంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీకి పెట్టిన వోల్టు మీటరు సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపిస్తే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తున్నట్టే.

ప్రమాదం జరిగిన రోజు వీడియోనే లేదు

మెమరీ కార్డు అరిగిపోయింది. డ్యాష్‌క్యామ్ పాత దృశ్యాల మీద కొత్తవి రాస్తూనే ఉంటుంది. ఫోటోల కోసం చేసిన మామూలు కార్డు అంత రాతను ఎక్కువకాలం భరించదు. నిరంతర రికార్డింగ్ కోసమే చేసిన ‘హై ఎండ్యూరెన్స్’ కార్డు వేసి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి, నెలకోసారి ఒక వీడియో తెరిచి చూసుకోండి. కెమెరా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయండి. అది ఎండకు దెబ్బతిన్న లిథియం బ్యాటరీ. ఎండలో నిలిపే కారుకు, బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ (వేడిని మెరుగ్గా తట్టుకుంటూ కరెంటును దాచే భాగం) ఉన్న కెమెరానే నా ఎంపిక.

గాలి నింపే యంత్రం పెట్టగానే ఫ్యూజు పోయింది

లైటర్ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లది. 10 ఆంపియర్లదైతే 12 వోల్టుల దగ్గర 120 వాట్లే దాని హద్దు. మీ యంత్రం అంతకు మించి లాగేదైతే బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించేది తీసుకోండి. పెద్ద ఫ్యూజు వేయడం పరిష్కారం కాదు, ఫ్యూజు కాపాడే తీగ కాలుతుంది. వాడేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, కానీ మూసిన గ్యారేజీలో మాత్రం వద్దు. ఎంత గాలి పెట్టాలన్నది టైరు పక్కన అచ్చు వేసిన అంకె చెప్పదు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ హద్దు. మీ కారుకు సరిపడే అంకె చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరుపై ఉంటుంది. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

సైకిల్ పంపు ఎంత కొట్టినా టైరు మెత్తగానే ఉంది

పంపు మీటరు ముల్లును గమనించండి, జవాబు అదే చెబుతుంది. మొదటి పోటుకే ముల్లు చివరిదాకా ఎగబాకి అక్కడే నిలబడి, టైరు మాత్రం కదలకపోతే వాల్వు తెరుచుకోలేదు. ముల్లు లేవకుండా పక్కనుంచి బుస్సుమని గాలి పోతుంటే పంపు మూతి వాల్వును పట్టుకోలేదు.

మొదటిది ఎక్కువగా ప్రెస్టా వాల్వుతో జరుగుతుంది. ఇది సన్నగా, పొడవుగా, సుమారు 6 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. దాని కొసన గోరంత నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని వేళ్లతో వదులు చేసి, కొసను ఒక్కసారి కిందికి నొక్కండి. ‘ఫిస్’ మంటూ కొంచెం గాలి బయటికి రావాలి. అతుక్కుపోయిన లోపలి రబ్బరు అప్పుడే విడిపోతుంది. ఆ తర్వాత పంపు పెట్టండి. పని అయ్యాక నట్టు మళ్లీ బిగించడం మరచిపోవద్దు. కారు టైరుకు ఉండేది ష్రాడర్ వాల్వు, దాదాపు 8 మిల్లీమీటర్ల లావు. చాలా పంపుల మూతిలోని రబ్బరు వాషర్‌ను తిప్పి పెడితే రెండింటికీ పనికొస్తుంది. ప్రెస్టా మీద తొడిగే ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో ఉంచుకోండి, దారిలో కారు టైర్లకు గాలి కొట్టే చోట కూడా మీ పని జరుగుతుంది.

చేతి పంపు కొనేటప్పుడు గొట్టం లావు చూడాలి. సన్న గొట్టం తక్కువ బలంతో ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది, రేసు సైకిల్ సన్న టైరుకు అదే సరి. లావు గొట్టం ఒక్కో పోటుకు ఎక్కువ గాలి తోస్తుంది, వెడల్పు టైరుకు అది కావాలి.

సైకిల్ లైటు వెలుగుతోంది, గుంత మాత్రం కనబడటం లేదు

ల్యూమెన్లు ఎంత ఎక్కువైతే అంత మేలని కొనడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ల్యూమెన్లు మొత్తం వెలుతురు ఎంతో చెబుతాయి, అది ఎటు పోతోందో చెప్పవు. గుండ్రటి కిరణం సగం ఆకాశానికీ, సగం ఎదురొచ్చేవారి కళ్లలోకీ పోతుంది. పైభాగం కోసేసినట్టుండే కిరణం ఉన్న లైటు తీసుకుని, రోడ్డు వైపు కాస్త వంచండి. ఎదుటివారి కళ్లు చెదరగొట్టడం మనకూ ప్రమాదమే. వానలో ఆగిపోయే లైటు మీద, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్‌4 అని ఉంటే అది తుంపరలకు మాత్రమే తట్టుకుంటుంది. ఐపీఎక్స్‌7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా పాడవకూడదు. ఏదైనా సరే, ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగా మూసి ఉంటేనే.

మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు పెట్టిన ఫోనులో ఫోటోలు మసకబారాయి

లెన్సును స్థిరంగా పట్టుకునే సున్నితమైన కదిలే భాగాలు కంపనానికి దెబ్బతింటాయి. శక్తిమంతమైన ఇంజిన్లున్న మోటార్‌సైకిళ్లకు ఐఫోను బిగించవద్దని ఆపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. కంపనం పీల్చే స్టాండు కొంత మేలు. ఫోను జేబులో పెట్టుకుని దారిని చెవితో వినడం ఇంకా మేలు.

స్మార్ట్ ప్లగ్గు వైఫైకి కలవడం లేదు

ఫోను నుంచే ఆన్, ఆఫ్ చేయగల ఈ ప్లగ్గుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే కలిపే సమయంలో తికమక పడతాయి. రూటరులో 5ను కాసేపు ఆపి, ప్లగ్గు కలిశాక మళ్లీ తెరవండి. స్మార్ట్ బల్బు తరచూ కనబడకుండా పోతోందంటే ఎవరో గోడ మీద స్విచ్చు ఆపుతున్నారు. కరెంటే లేని బల్బు పిలిస్తే పలకదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది

వెంటనే ఆపండి. తగిలించిన వస్తువుల వాట్లన్నీ కూడి మీ ఇంటి వోల్టేజీతో భాగించండి. 2,000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు, 120 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు లాగుతుంది. బోర్డు మీద రాసిన ఆంపియర్లు అంతకంటే తక్కువైతే కారణం దొరికినట్టే. హీటరును నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, దాన్ని ఓర్చుకునేలా ఆ సాకెట్ ఉంటేనే. చుట్టలా ఉండే తీగను పూర్తిగా విప్పకుండా వాడితే లోపలి వేడి బయటికి పోక తొడుగు కరిగిపోతుంది. ఒక బోర్డులో ఇంకో బోర్డు గుచ్చడం అసలే వద్దు. లెక్క సరిగానే ఉండి, వేడి ఒక్క ప్లగ్గు దగ్గరే ఉంటే లోపలి రేకు వదులైంది. గోడ సాకెట్ దగ్గర నల్లటి మచ్చ కనిపించినా, కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆయన చూసేవరకు ఆ సాకెట్‌లో ఏదీ పెట్టకండి.